మామయ్య తొందరగా కొట్టేసిన పాట

ఈ ఏడు మా చర్చిలో కోతల పండుగ వేలానికి అద్దంకి నుంచి లైసెన్సున్న మనిషిని పిలిపించారు. చర్చి కానుకల వేలానికి లైసెన్సు అక్కర్లేదని, ఆ మినహాయింపు మనకు ఉందని పాస్టరుగారు చెప్పి చూశారు గానీ, అనుమానాలకు తావుండకూడదని సంఘ పెద్దలు పట్టుబట్టారు. ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది.

నేను పుట్టుకతోనే అనుమానపక్షిని. కూరగాయలవాడి తక్కెడ దగ్గర్నుంచి మా ఆయన నవ్వుదాకా దేన్నీ ఊరికే నమ్మినదాన్ని కాదు. చాలా ఏళ్ల కిందట మా చర్చి వేలం పెద్దమామయ్య వేసేవాడు. గుంటూరు మిరపయార్డులో బస్తాలు మోస్తూ, అక్కడి వేలంపాటలు వినీ వినీ పట్టుబడిన గొంతే తప్ప ఆయనకు లైసెన్సూ లేదు, చదువూ లేదు. హాస్టళ్లలో చదివి, కొత్తగా టీచరునై, లోకమంతా నాకే తెలుసునన్న పొగరు మీదున్న నేను ఆయన మీద ఓ కన్నేసి ఉంచాను. గుమ్మడికాయలకూ మిరపకాయల బుట్టలకూ గొంతు చించుకుని ధర పెంచేవాడు. మా వీధి చివరి ముసలమ్మ ఇచ్చే కోడిపెట్టను మాత్రం ఎవరికీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా, బల్ల మీద ఒక్క దెబ్బతో పాట ముగించి మా పక్కింటి బాబాయికి కొట్టేసేవాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారని తేల్చేసుకున్నాను.

ఒక పండుగనాడు మళ్లీ అదే జరిగింది. నేను లేచి నిలబడి, “మామయ్యా, మూడోసారి అనకుండానే ఎట్టా కొట్టేస్తావ్? మళ్లీ పాడించు!” అని అందరి ముందూ నిలదీశాను. ఆయన “సరేలే అమ్మాయ్, అట్టాగే కానీ,” అని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పొరుగూరి మిరప వ్యాపారి పై పాట పాడి, పెట్టను సైకిలుకు తగిలించుకుపోయాడు. నేను గెలిచినట్టు పొంగిపోయాను.

ఇంటికెళ్లాక అమ్మ చెప్పింది. ముసలమ్మకు ఉన్నదల్లా ఆ ఒక్క పెట్టేనట. దేవుడి దగ్గరికి వట్టి చేతులతో రాలేక ఏటా దాన్నే తెస్తుందట, బాబాయి తన తాహతుకు తగ్గ ధరకు పాడుకుని, సాయంత్రం మళ్లీ ఆమె గంప కిందే వదిలి వస్తాడట. ఊరందరికీ తెలుసు గనక ఎవరూ పోటీకి రారట, తెలియని పొరుగూరివాళ్లు నోరు తెరవకముందే ముగించాలనే మామయ్య తొందరట. మర్నాడే ఆ వ్యాపారి ఇంటికి పరిగెత్తాను. రాత్రే కూర వండుకున్నామన్నారు.

మరుసటి పండుగకు ముసలమ్మ రాలేదు. మామయ్య మళ్లీ వేలం వేయలేదు. కాళ్లు పట్టుకున్నంత పని చేసినా, “లైసెన్సు లేనోణ్ణి, నాకెందుకులే అమ్మాయ్,” అని నవ్వేసేవాడు. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మొన్న వచ్చినాయన మంచివాడే. మైకులో మూడుసార్లూ నిదానంగా అన్నాడు, ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు ఎవరింట్లో ఏముందో పక్కింటివాళ్లకే తెలియదు. కూలికెళ్లే ఒకామె కోడిపెట్టను తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు మాత్రం, తొందరపడి కొట్టేస్తాడేమోనని ఆశగా ఆయన చేతివంకే చూస్తూ కూర్చున్నాను. కొట్టలేదు.