కెమెరా పెట్టమన్నందుకు

మా కోడలు లెక్కల టీచరు. పద్నాలుగేళ్లుగా అదే బడి, అదే ఏడో తరగతి. బోర్డు మీద రాస్తూనే వెనక బెంచీలో గుసగుసలు పసిగట్టే మనిషి. ఊరంతా జబ్బు పాకిన రోజుల్లో బడి మూసేసి, అలాంటి మనిషిని మా భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టారు. ల్యాప్‌టాప్ కింద రెండు డబ్బాలు, వెనక గోడకు దుప్పటి, పది గంటలకు క్లాసు. రెండు బారల దూరంలో నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. ఈ వయసులో నాకు భిన్నాలు వచ్చేశాయంటే నమ్మండి.

నా మంటంతా ప్రిన్సిపాల్ వేసిన ఆర్డరు మీద. కెమెరా పెట్టని పిల్ల బడికి రానట్టే లెక్కట. గొంతు వినిపించినా, జవాబు చెప్పినా, మొహం కనబడకపోతే ఆబ్సెంట్. అలా నలభై రోజులైతే పై తరగతికి పంపరు. ఒకే గదిలో ఐదుగురుండే ఇంట్లో ఆ మహానుభావుడు ఒక్క పూటైనా గడిపి ఉండడు.

ఆ క్లాసులో ఒక ఇస్త్రీ ఇంటి పిల్ల ఉంది. తండ్రి ఇళ్లకు తిరిగి బట్టలు తెస్తాడు, తల్లి ఉతుకుతుంది. ఉన్న ఒక్క గదిలోనే ఆరబెట్టడం, ఇస్త్రీ, మడతలు, పడక. పిల్ల మాత్రం చురుకు. కోడలు లెక్క చదవడం పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. కోడలు మురిసిపోయేది. కానీ తెర మీద ఆ పిల్ల గడి ఎప్పుడూ నల్లగానే ఉండేది. చూస్తుండగానే ముప్పై ఒక్క ఆబ్సెంట్లు పడ్డాయి.

ఒకరోజు కోడలు నిలదీసింది. ఇంట్లో పని జరుగుతోంది టీచర్ అని పిల్ల నీళ్లు నమిలింది. పని ఎవరింట్లో లేదంది కోడలు. పిల్లకు ఏడాది పోతుందన్న భయంతోనే అంది, నాకు తెలుసు. అయినా అలా అని ఉండకూడదు.

“నా మీద గౌరవముంటే పెట్టు,” అంది.

పెట్టింది పాపం. నలభై మంది పిల్లల ముందు ఆ గది తెరుచుకుంది. పిల్ల మొహం వెనక ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు, తాడు నిండా ఊళ్లోవాళ్ల బట్టలు. ఒక కుర్రవెధవ వెంటనే అందుకున్నాడు. “ఒరేయ్, అది మా అమ్మ గళ్ల నైటీరా!” ఇంకేముంది, మైకులన్నీ తెరుచుకుని ఒకటే నవ్వులు. వాళ్లను ఆపడానికి కోడలు తడబడుతుండగానే ఆ పిల్ల గడి మాయమైపోయింది.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. కోడలు ఫోన్ చేస్తే తల్లి ఎత్తింది. ఆవిడ కేకలేసినా బాగుండేది, వేయలేదు. ఒకరింటి బట్టలు ఇంకొకరి కంట పడనివ్వకూడదు, ఏ బట్ట ఎవరిదో నోరు జారకూడదు, మా మామగారి కాలం నుంచీ మా పని ఇంతేనమ్మా అని మెల్లగా చెప్పింది. అందుకే వాళ్ల గుమ్మానికి ఎప్పుడూ పరదా ఉంటుందట. ఇప్పుడు ఆ నైటీ ఇంటివాళ్లు బట్టలివ్వడం మానేశారు, వాళ్లను చూసి మరో రెండిళ్లు మానేశాయి. తప్పు తన వల్లే జరిగిందని పిల్ల ఫోను ముట్టుకోవడం లేదట.

అది విని నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఊళ్లవారీగా ఉత్తరాలు వేరుచేసినదాన్ని. ఒకరి గుట్టు ఇంకొకరికి తెలియనివ్వకుండా ఉండటమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? ఆ పిల్ల కెమెరా పెట్టకపోవడం బద్ధకం కాదు, పొగరు కాదు. పన్నెండేళ్ల పిల్ల ఇంటి వృత్తి మర్యాద కాపాడుతోంది. దానికి వీళ్లు ఆబ్సెంట్ వేశారు.

సరిగ్గా అప్పుడే టీచర్లకు ఆన్‌లైన్ శిక్షణ వచ్చిపడింది. ఇరవై గంటలు. పిల్లల ఇళ్లను, అలవాట్లను గౌరవిస్తూ పాఠం చెప్పడం ఎలాగో నేర్పుతారట. టై కట్టుకున్న నిపుణుడొకడు తెర మీది వాక్యాలు మనకు చదువు రానట్టు చదివి వినిపించాడు. ‘పిల్లల నేపథ్యం తెలుసుకోండి’ అన్న చోట కోడలు మైకు తెరిచి, ఇస్త్రీ ఇంటి సంగతంతా చెప్పి, మరి ఈ కెమెరా ఆర్డరు మాటేమిటని అడిగింది. అది తన పరిధిలోకి రాదన్నాడాయన. ప్రిన్సిపాల్ మధ్యలో దూరి, మేడమ్ మ్యూట్‌లో పెట్టుకోండి అన్నాడు. ఆ తర్వాత కెమెరా పెట్టనివాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వరని కూడా సెలవిచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో కత్తి ఉందని గుర్తొచ్చి పక్కన పెట్టేశాను.

కోడలు అరవలేదు. శిక్షణ అయ్యాక ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసింది.

“నా క్లాసులో గొంతు వినబడితే వచ్చినట్టేనండీ. ఆ ముప్పై ఒకటీ దిద్దేశాను. మీకు కుదరదనిపిస్తే మీ చేత్తో మళ్లీ ఆబ్సెంట్ వేసి, కింద సంతకం పెట్టండి.”

ఆయన ఎగిరాడు, నోటీసన్నాడు, పైవాళ్లన్నాడు. సంతకానికి మాత్రం ముందుకు రాలేదు. పెద్ద మగాడు!

రిజిస్టరు దిద్దింది సరే, పిల్ల రావాలి కదా. వార్షిక పరీక్షలకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి. మర్నాడు సాయంత్రం ఇద్దరం మాస్కులు కట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. తల్లి పరదా తీసి లోపలికి రమ్మంది కానీ కోడలు గుమ్మం దాటలేదు. మీ పని చోటమ్మా, ఇక్కడే నిలబడతానంది. పిల్ల దుప్పటి మడతపెడుతూ తల ఎత్తలేదు. అంతమందిలో నిన్ను బలవంతపెట్టడం నాదే తప్పు, ఇక నా క్లాసులో ఎవరూ కెమెరా పెట్టక్కర్లేదని కోడలు చెప్పింది.

పిల్ల దుప్పటి నాలుగు మడతలూ వేసి, అంచులు సరిచూసి, అప్పుడు మాట్లాడింది.

“వస్తాను టీచర్. కానీ ఆ రోజు పిల్లలు నవ్వకముందే మీ ఇంట్లో ఎవరో పెద్దావిడ గట్టిగా నవ్వారు. ఆవిడ లేనప్పుడు క్లాసు పెట్టండి.”

కోడలు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

నవ్వాను. గళ్ల నైటీ అనగానే ఫక్కున నవ్వాను. ఇన్ని రోజులూ ప్రిన్సిపాల్‌నీ, నిపుణుడినీ, ఆ కుర్రవెధవనీ తిట్టిపోశానే గానీ, ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పలేదు.

మాస్కు కిందికి లాగి, “నేనేనమ్మా,” అన్నాను.

ఆ పిల్ల నా మొహం ఒక్కసారి చూసి, ఇంకో దుప్పటి అందుకుంది.

ఇప్పుడు రోజూ పది గంటలయ్యేసరికి నేను కత్తి, కూరగాయల బుట్ట తీసుకుని కింద మెట్ల మీద కూర్చుంటున్నాను. పిల్ల ఒక్కరోజు కూడా మానలేదని కోడలు చెబుతోంది.