భద్రుకు ఇచ్చిన చిన్న పిస్టల్

1987 జూన్‌లో ఒక మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, ఖమ్మంలో మా ఆయుధాగారం తాళం తీశాను. పోలీసు భాషలో దాన్ని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. ఆయుధాలు భద్రపరిచి, నూనె పెట్టి, డ్యూటీకి వెళ్లేవారికి ఇచ్చే గది. నేను అక్కడ ఆర్మరర్‌ని. పాడైన ఆయుధాలు బాగుచేయడం నా పని. ఎవరికి ఏది సరిపోతుందో చెప్పడం కూడా నా పనే, కానీ ఆ మాట అడిగేవారు తక్కువ.

గడప దగ్గర భద్రు నిలబడి ఉన్నాడు. ఇల్లందు పక్క తండా నుంచి వచ్చిన కానిస్టేబుల్, వాళ్ల తండాలో సర్కారు కొలువు దొరికిన మొదటి మనిషి. ఇప్పుడు అతను లేడు. అందుకే ఇది రాస్తున్నాను.

"అన్నా, నన్ను రేంజర్ సారెంట ఏసిండ్రు. మఫ్టీల పోవాలె" అన్నాడు. మఫ్టీ అంటే యూనిఫాం లేకుండా, మామూలు బట్టల్లో.

సంగతి నాకు తెలుసు. భద్రాచలం అవతలి అడవిలో టేకు దొంగలు అంతకుముందున్న రేంజర్‌ని సంతలోనే గొడ్డలి మడమతో కొట్టి భుజం విరగ్గొట్టారు. కొత్తగా వచ్చినాయన మొండివాడు. సంతలో జనం మధ్య కూర్చుని మాట్లాడితే తప్ప కలప ఏ దారిన పోతుందో తెలియదని ఆయన పట్టుదల. పక్కన యూనిఫాం కనిపిస్తే ఎవరూ నోరు విప్పరు. కాబట్టి రక్షణకు వెళ్లేవాడు పదిమందిలో ఒకడిలా ఉండాలి. అతని దగ్గర ఆయుధం ఉన్నట్టు తెలియకూడదు.

బల్ల మీద రెండు పిస్టళ్లు పెట్టాను. ఒకటి 9 ఎంఎం, ఫుల్ సైజు. పదమూడు తూటాలు పడతాయి, నింపితే బరువు కిలో దగ్గరికి వస్తుంది. రెండోది పాయింట్ థర్టీటూ, కాంపాక్ట్. అరచేతి కంటే కాస్త పొడవు, తూటాలు ఏడు, దెబ్బలో బలం తక్కువ.

భద్రు చిన్నదాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "ఇది పిట్టల కొట్టెటందుకా అన్నా?"

మా ఆర్‌ఐ గారు, అంటే సాయుధ విభాగం చూసే ఇన్‌స్పెక్టర్, ఆయనదీ అదే అభిప్రాయం. "ఏడు తూటాలతోని అడవికి పంపుతవా? పెద్దది ఇయ్యి" అన్నారు. హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే తోలు ఒర, నడుముకి కట్టి పైన వదులు చొక్కా వేసి భద్రుని బ్యారక్ అద్దం ముందు నిలబెట్టాం. అటు తిప్పాం, ఇటు తిప్పాం. ఏమీ కనిపించలేదు. నేను రిజిస్టర్‌లో సంతకం తీసుకుని 9 ఎంఎం ఇచ్చాను.

గురువారం సంతకు వెళ్లి శుక్రవారం తిరిగొచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

సంతలో చింతపండు అమ్మే ఒక ముసలమ్మ ముందు రేంజర్ గారు గొంతుక్కూర్చుని మాటలు మొదలుపెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లూ అలాగే కూర్చున్నారు. భద్రు కూర్చోలేదు. కూర్చుంటే పిస్టల్ పిడి డొక్కలో గుచ్చుకుంటోంది, గొట్టం తొడకు తన్నుతోంది, చొక్కా పైకి లేస్తోంది. అందుకని నిలబడ్డాడు.

ముసలమ్మ తలెత్తి చూసి అందట: "కూసో కొడకా. ఈడ నిలబడి బేరం జేసేటోళ్లు ఇద్దరే, ఫారెస్టోడు, పోలీసోడు. ఫారెస్టాయన కూసున్నడు. మరి నువ్వెవలివి?"

అందరూ నవ్వారు. నవ్వకుండా లేచి వెళ్లిపోయినవాళ్లు ఇద్దరు. వాళ్లెవరో రేంజర్ గారికి అర్థమైంది. వాళ్లకూ భద్రు ఎవరో అర్థమైంది.

తప్పు భద్రుది కాదు, నాది. ఏన్కూరు పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. మా నాన్న జీవితంలో సగం గొంతుక్కూర్చునే గడిపాడు. అయినా మనిషిని అద్దం ముందు నిలబెట్టి పంపాను.

మరుసటి రోజు ఆయుధాగారం ముందు అరుగు మీద, తూటాలు తీసేసిన పిస్టళ్లతో మళ్లీ మొదలుపెట్టాం. భద్రుని గొంతుక్కూర్చోబెట్టాను. బోరింగు దగ్గర వంగి దోసిలితో నీళ్లు తాగమన్నాను. మోటర్‌సైకిల్ వెనక ఎక్కి దిగమన్నాను. పాల్వంచ ఫ్యాక్టరీ కార్మికుల షిఫ్టు బస్సులో లాగా ముగ్గురి మధ్య ఇరికించాను. పెద్దది ఎక్కడ కట్టినా ఏదో ఒక చోట బయటపడింది. చిన్నది తుంటి ఎముకకు కొంచెం ముందు, ప్యాంటు లోపల పెడితే ఒక్కసారీ బయటపడలేదు.

ఆ చోటుకు సరిపోయే ఒర మా దగ్గర లేదు. సర్కారు పిస్టల్‌ని బజారుకు తీసుకెళ్లకూడదు. అందుకని టేకు చెక్కతో దాని నమూనా చెక్కి, బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు ఇచ్చాను. "మనుమనికి బొమ్మ చేసినవా సారూ? బొమ్మకు తోలు ఒర కూడానా?" అన్నాడాయన. అయినా దాన్ని తడి తోలులో బిగించి, ఒక రోజు ఆరబెట్టి, చక్కగా కుట్టిచ్చాడు.

దాచడం కుదిరింది. కాల్చడం కుదరలేదు. ఫైరింగ్ రేంజ్‌లో పెద్దదానితో భద్రు అయిదుకి అయిదూ గురిలో పెట్టేవాడు. చిన్నదానితో రెండు. పిడి పొట్టిది, అతని చెయ్యి పెద్దది. చిటికెన వేలు గాలిలో వేలాడేది. మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె, దాని అడుగున గేదె కొమ్ము ముక్క అరగదీసి బిగించాను. వేలికి ఆనుకోవడానికి చోటు దొరికింది.

ఆర్‌ఐ గారు ఒప్పుకోలేదు. "రేపు ఏమన్నయితే నువ్వు జవాబు చెప్తవా?"

"చెప్త సార్. రాసిస్త."

రాసిచ్చాను. ఆ కాగితం మీద సంతకం చేసినప్పటి నుంచి రోజూ పొద్దున భద్రుని రేంజ్‌కి తీసుకెళ్లాను. గొంతుక్కూర్చున్నచోటు నుంచి లేస్తూ తీయాలి, లేచేసరికి గురి ఉండాలి. మొదట్లో చొక్కా అంచు చేతికి చిక్కుకునేది. "మోకాళ్లు పోయినయన్నా, ఇగ పెన్షన్ ఇయ్యి" అనేవాడు. మూడో వారానికి అయిదుకి అయిదూ పడ్డాయి. వరుసగా నాలుగు రోజులు అలా పడ్డాకే చిన్న పిస్టల్ అతని పేర రాశాను. మీసం కూడా తీయించాను. "నా పెండ్లామే గుర్తుపట్టలే. అన్నం పెట్టెటందుకు ఆలోచించింది" అన్నాడు.

ఈసారి వేరే సంత. ఆ రోజు జరిగింది రేంజర్ గారే స్వయంగా వచ్చి చెప్పారు. ఆయన ఎండుచేపలమ్మే వాళ్ల దగ్గర కూర్చున్నారు. పక్కనే భద్రు, గొంతుక్కూర్చుని చేపలు ఏరుతూ బేరం చేస్తున్నాడు. ఆ ఎత్తు నుంచి అతనికి కనిపించేవి కాళ్లే. ఒక జత కాళ్లు రేంజర్ గారి వెనక నుంచి మూడోసారి వచ్చాయి. ఎక్కడా కూర్చోవు, ఏమీ కొనవు. పక్కన గొడ్డలి వేలాడుతోంది. అడవి సంతలో గొడ్డలి వింత కాదు. మూడుసార్లు రావడం వింత.

గొడ్డలి లేచేసరికి భద్రు లేచాడు. తువ్వాలు చాటున పిస్టల్ ఆ మనిషి పక్కటెముకలకు ఆనింది.

"మామా, గొడ్డలి కింద పెట్టు. చాపలు కొందం" అన్నాడట.

గొడ్డలి కింద పడింది. ఒక్క తూటా పేలలేదు. పక్కన చేపలు తూచే ఆమె తూకం ఆపలేదని రేంజర్ గారు రెండుసార్లు చెప్పారు.

పిస్టల్ అప్పగించేటప్పుడు భద్రు అన్నాడు: "పిట్టల తుపాకే అన్నా. పిట్ట దొరికింది."

ఆ తర్వాత ఆర్‌ఐ గారే నియమం పెట్టారు. మఫ్టీ డ్యూటీకి ఎవరు వెళ్లినా ముందు ఆ అరుగు మీద గొంతుక్కూర్చుని చూపించాలి. కొందరికి చిన్నది ఇచ్చాను, కొందరికి పెద్దదే నప్పింది. పెద్దదా చిన్నదా అనే ప్రశ్నకు జవాబు పిస్టల్‌లో ఉండదని, దాన్ని కట్టుకున్న మనిషి ఆ రోజు ఎక్కడ ఎలా కూర్చుంటాడన్న దానిలో ఉంటుందని నేను నేర్చుకున్నది అప్పుడే.

1991లో భద్రుకి వేరే చోటికి బదిలీ అయింది. అక్కడా మఫ్టీ డ్యూటీయే. ఫుల్ సైజు ఇచ్చారు. వద్దని చెప్పాడో లేదో నాకు తెలియదు. రోడ్డు పక్క హోటల్లో అందరూ బెంచీల మీద కూర్చుని ఉండగా అతనొక్కడే నిలబడి చాయ్ తాగుతున్నాడట. వెనక నుంచి కొట్టి చంపారు. పిస్టల్ ఒరలోనే ఉంది.

చిన్నది ఇచ్చి ఉంటే బతికేవాడని నేను అనను. అది ఎవరికీ తెలియదు. ఆ పొద్దున అతణ్ణి ఎవరూ కూర్చోబెట్టి చూడలేదు, అంతవరకు తెలుసు. తండాకు వెళ్లి అతని భార్యకూ ఇదే చెప్పాను. ఆమె, "మీరున్నన్ని దినాలు అందర్ని కూసోబెట్టుండ్రి అన్నా" అంది.

రిటైరయ్యేవరకు కూర్చోబెట్టాను. ఒక్కరినీ వదల్లేదు, తిట్టుకున్నవాళ్లను కూడా. మొన్న ఆయుధాగారం దారిన వెళ్తే లోపలికి పిలిచి చాయ్ ఇచ్చారు. అరుగు తీసేశారు. గదిలో నిలువుటద్దం పెట్టారు. ఇప్పుడు ఎవరినీ గొంతుక్కూర్చోబెట్టి చూడటం లేదు.