సరస్వతీ పూజలో పెట్టిన లాప్‌టాప్

కిందటేడు దసరాల్లో మూలా నక్షత్రం నాడు పుస్తకాలు, నాన్న వయొలిన్‌తో పాటు నా లాప్‌టాప్‌నీ పీట మీద పెట్టి అమ్మ కుంకుమ బొట్లు పెట్టేసింది. రామతీర్థం దగ్గర మా పుట్టింట్లో పూజలో పెట్టినవి దశమి దాకా ఎవరూ ముట్టరు. చిన్నప్పుడు ఆ నాలుగు రోజులూ చదువు లేక ఎంత హాయిగా ఉండేదో!

దశమి పొద్దున్న పీట కదిపాక లాప్‌టాప్ తెరిచాను. నల్లటి తెర. బూట్ అవడానికి డిస్కే దొరకలేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క. గుళ్లో పాడటానికి నాన్న కట్టిన నలభై పాటల్లో ముప్ఫైతొమ్మిదింటిని నాలుగేళ్లు కూర్చుని, స్వరాలతో సహా అందులోకి ఎక్కించాను. నాన్నకి మతిమరుపు మొదలైంది, మళ్లీ పాడమంటే సగం రావు. సాయంత్రానికి ప్రెస్సుకి పంపాలి. ఇంకో కాపీ తీసుకోలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"నీ పసుపు నీళ్లే దీని కొంప ముంచినాయి!" అని అమ్మ మీద ఎగిరాను.

"పండగ పూట ఏటే ఆ అరుపులు? అక్షింతలేసేను గానీ నీళ్లెక్కడ పోసేనే?" అంది. అంటూనే, పాపం, కొంగుతో మీటలన్నీ తుడిచింది.

ముందురోజే శ్రీకాకుళం వెళ్లిపోయిన అన్నయ్యకి ఫోన్ చేశాను. మా ఇంట్లో కంప్యూటర్ల సంగతి వాడికే తెలుసు. "ఛార్జర్ పీకీసి పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకో. కంగారు పడకే, వస్తాది," అన్నాడు. నాలుగుసార్లు నొక్కాను. రాలేదు. తిరగేసి బంతిపూల రేకులు దులుపుతుంటే, పక్కన గోరంత పెన్‌డ్రైవ్ వేలికి తగిలింది. నాది కాదు. పీకి మళ్లీ నొక్కితే లక్షణంగా తెరుచుకుంది. అంతసేపూ అది ఆ పెన్‌డ్రైవ్‌లో వెతుక్కుంటోందన్నమాట.

ఆ ఆనందం ఎంతసేపు! పూజలో ఉన్నదాన్ని ముట్టింది ఎవరు? పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. నా ముప్ఫైతొమ్మిది పాటలూ ఉన్నాయి. మొదటి పేజీలో నా పేరు తీసేసి అన్నయ్య పేరు పెట్టి ఉంది. పదేళ్లుగా ఒక్క పాటా పాడనివాడు! ఒళ్లు మండిపోయి మళ్లీ ఫోన్ చేశాను.

"ఒసే, నువ్వు అత్తోరింటి పేరుతో రాసుకున్నావు. మనింటి పాటలకి మనింటి పేరుండద్దేటి?" అన్నాడు, సిగ్గయినా లేకుండా.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాననుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది పాస్‌వర్డ్. నాన్న మొదటి పాటకి పల్లవి స్వరాలు అవి. ఆయనే పెట్టమన్నాడు. మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

నాన్న వసారాలో కూర్చుని వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నాడు.

"నాన్నా, అన్నయ్యకి పాస్‌వర్డ్ నువ్వు సెప్పేవా?"

"ఇంటిపేరు నిలబడాల కదమ్మా," అన్నాడు, తలెత్తకుండానే.

అన్నీ మర్చిపోతున్న మనిషికి అదొక్కటి గుర్తుంది. అన్నయ్య చేసినదానికి కోపం వచ్చింది, దీనికి ఏడుపొచ్చింది. పాటల్ని నా పేరుతోనే ప్రెస్సుకి పంపేశాను.

మిగిలిన నలభయ్యో పాట రాసుకోవడానికే నేను పండక్కి వచ్చింది. "రా అమ్మా, గుర్తుండగానే రాసుకో," అని నాన్న రెండుసార్లు పిలిచాడు. వినపడనట్టు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మా అత్తారి ఊరు గజపతినగరం బస్సెక్కేశాను.

ఈ ఏడు వెళ్లి అడిగితే, నాన్నకి ఆ పాట పల్లవి కూడా రాలేదు.