ఈత బావది, కిడ్నీ అక్కది

కిడ్నీ మార్పించుకున్నవాళ్ల ఈతపోటీకి వెళ్లినప్పుడు నాదంటూ ఒంటిమీద ఉన్నది నిక్కరొక్కటే. ఈత మా బావది, కిడ్నీ మా అక్కది.

అరవైల చివర్లో, నేను బడికెళ్లే వయసులో, ఉద్దానంలోని మా కొబ్బరితోట బావిలోకి నన్ను తోసినవాడు బావ. అప్పటికింకా అక్క మొగుడు కాలేదు, మేనత్త కొడుకు మాత్రమే. పీచు తియ్యని ఎండుకొబ్బరికాయలు రెండు నా నడుముకి కట్టి, "మునిగిపోతే కాయలు మటుకు పైకి పంపీయ్" అని తోసేశాడు. ఆ బావి లోతు పాతాళం. అడుగున నాగలోకం వాళ్లు దీపాలు పెట్టుకుని భోంచెయ్యడం చూశానని ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను. కొన్నాళ్లకి కాయలు విప్పేశాడు. ఆపైన నన్ను చూసి చేపలే పక్కకి తప్పుకునేవి.

మా ప్రాంతంలో కిడ్నీజబ్బు చుట్టంలాంటిది. ఒకింటికి వస్తే పక్కింటిని పలకరించకుండా వెళ్లదు. నలభై దాటాక నన్నూ పలకరించింది. అక్క తన కిడ్నీ ఇస్తానంది. బావ అడ్డు చెప్పలేదు సరికదా, "ఇచ్చీయే, రెండున్నాయి కదా, పెట్టుకుని ఏటి సేత్తావు" అన్నాడు, పక్కింటికి రోకలి ఎరువిచ్చినట్టు.

కిడ్నీ అమరింది. అది నిలవాలంటే బతికినన్నాళ్లూ పూటపూటా మందులు మింగాలన్నారు. ఆకలి తిరిగొచ్చింది. నేను సోంపేటలో బస్సు దిగితే ఇడ్లీలవాళ్లు రెండో పొయ్యి ముట్టించేవారు. ఇలాంటివాళ్లకి పోటీలు జరుగుతాయనీ, ఈత వస్తే వెళ్లమనీ డాక్టరు చెప్పారు. బావులూ చెరువులూ పనికిరావు, క్రిములు చావడానికి మందు కలిపిన కొలనే కావాలన్నారు. టెక్కలి దగ్గర ఓ కాలేజీవాళ్లని బతిమాలి వాళ్ల కొలనులో దిగాను. అదే నెలలో బావ కాళ్లు వాచాయి. ఆ చుట్టం బావనీ పలకరించింది.

రిపోర్టులు చూసి పలాసలో డాక్టరు అక్కని అడిగారు.

"మీ గ్రూపు ఆయనకి సరిపోతుందమ్మా. ఇవ్వగలరా?"

తన దగ్గరింక ఒకటే ఉందని అక్క చెప్పింది. రెండోది ఎవరికిచ్చారని ఆయన అడగలేదు. నేను ఆ గదిలోనే ఉన్నాను. అక్క నావైపు చూడకుండా ఉండడానికి గోడమీది క్యాలెండరు చూసింది. అందులో పండగలన్నీ కంఠస్థం వచ్చేటంతసేపు చూసింది.

నేను ఈత మానేశాను. బావకి రక్తం శుభ్రంచేసే డయాలసిస్ మొదలైంది. ఓ రోజు ఆటోలో మా ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు.

"ఏరా బామ్మర్దీ, టెక్కలి ఎల్లడం మానీసినావట."

"నడుంనొప్పి."

"నొప్పి నడుముకా, మొకానికా?"

నేను తల వంచుకున్నాను. "ఆ రోజు నేను ఆగుంటే అక్క కిడ్నీ నీకొచ్చేది బావా," అన్నాను.

"ఆగుంటే నువ్వు పోయేవోడివి. నీ దినానికి గారెలు తినీసి, ఎనకో ముందో నేనూ పైకి నీకాడికే ఒచ్చీవోణ్ణి. నువ్వు ఈదకపోతే ఆ కిడ్నీ లేసొచ్చి నా పక్కలో పడుకుంటాదేటి? ఎల్లు, నిక్కరు ఎతుక్కో."

ఆనాటినుంచి డయాలసిస్ లేని రోజుల్లో నాతో టెక్కలి వచ్చేవాడు. కొలను ఒడ్డున కుర్చీ వేసుకుని, వాచిన కాళ్లు చాపి, పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టుకునేవాడు. ఆ పూటకంతా డాక్టరు తాగనిచ్చినవి అవే. నాలిక తడిపి పెట్టేసేవాడు. నేనేమో బంగాళాఖాతమంత నీళ్లలో దొర్లుతూ ఉండేవాణ్ణి.

"కాళ్లాడించరా దున్నపోతా," అని అరిచేవాడు.

ఊపిరికి తల తిప్పినప్పుడల్లా ఆ గ్లాసు కనిపించేది. రెండోవైపు తిప్పి ఊపిరి తియ్యడం నేర్చుకున్నాను.

పోటీ చెన్నైలో. పొట్టమీద కుట్లగీతలతో వరసగా నిలబడితే మా అందరినీ ఒకే దర్జీ కుట్టినట్టుంది. నా పక్కవాడు తిమింగలానికి మేనల్లుడు. అయిపోగానే అక్కావాళ్లింటికి ఫోన్ చేశాను. బావ ఎత్తాడు.

"ఎన్నోవోడివి?"

"మూడు."

"ఎంతమందిలోన?"

నలుగురం ఈదాం. "పదిమంది," అన్నాను.

"అబద్దాలాడకు. పైయేడు రెండోవోడివి అవ్వాల. నేనూ ఒత్తాను. ఒడ్డున మనిసి నేకపోతే నీ కాళ్లు ఆడవు."

"రా బావా," అన్నాను.

ఆ వేసవిలో బావ పోయాడు. ఇంక పోటీల ఊసెత్తకూడదనుకున్నాను. అక్కే సంచి సర్ది పలాసలో రైలెక్కించింది. రెండోవాడిగా వచ్చాను, నిజంగానే ఎనిమిదిమందిలో. ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. చెప్పాను.

"మందులేసుకున్నావా?" అంది.

వేసుకున్నానన్నాను. ఫోన్ పెట్టేసి, సంచిలోంచి తీసి వేసుకున్నాను.