నాలుగో అంతస్తు రిలే

ఆసుపత్రిలో లిఫ్టులు చూసే మేస్త్రిని అందరూ అనుమానాల మేస్త్రి అనేవారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆయన దేన్నీ పరీక్షించకుండా నమ్మలేదు, భార్య మాటను తప్ప. అదీ భయంతోనే.

ఆయన బుర్రలోని అనుమానాలన్నీ అడిగి రాబట్టి కోడలు ఒక ప్రోగ్రాం రాసిపెట్టింది. లిఫ్టులో ఏ భాగం దేనితో కలిసి ఉందో, బాగుంటే ఏం చేయాలో అందులో ఉంటుంది. లిఫ్టు అలా చేయకపోతే, ఏ భాగం చెడిందనుకుంటే లెక్క కుదురుతుందో అది చెబుతుంది. మూడేళ్ళలో ఒక్కసారి తప్పు చెప్పి ఉంటే ఒట్టు.

ఆ రోజు మాత్రం మేస్త్రి మనసు మనసులో లేదు. తల్లిలా పెంచిన అక్క ముందురోజు పొద్దుటి నుంచి కనబడటం లేదు. ముప్పయ్యేళ్ళు ఇదే ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. పక్షవాతంతో మాటా, కుడిచెయ్యీ పడిపోయాయి, మతిమరుపు కూడా మొదలైంది. మేస్త్రి కొడుకు వీధులన్నీ గాలిస్తున్నాడు. తనూ వెళ్ళేవాడే, లిఫ్టు సంగతి తేలేదాకా పెద్ద డాక్టరు కదలనివ్వలేదు.

లిఫ్టుకు పట్టిన రోగం అలాంటిది మరి. మరమ్మతుల కోసం ముందురోజే నాలుగో అంతస్తు మూసేసి, లిఫ్టు గుమ్మం నిండా చెక్క బిగించారు. అయినా లిఫ్టు ఉండుండి అక్కడే ఆగుతోంది. తలుపులు తెరుచుకుంటే ఎదురుగా చెక్క. ఎక్కినవాళ్ళకు ఒళ్ళు జలదరించేది. అవతల ఎవరో గోళ్ళతో గీకుతున్నారని ఒక నర్సు ఒట్టేసి చెప్పి, మెట్లెక్కడం మొదలుపెట్టింది. ప్రోగ్రాం ఉండగా నర్సు మాట ఎవరికి కావాలి?

ప్రోగ్రాం రిలేను పట్టుకుంది. నాలుగో అంతస్తు పిలుపును లిఫ్టుకు అందించే చిన్న స్విచ్చు అది. మధ్యాహ్నం మేస్త్రి దాన్ని మార్చాడు. గంట గడిచినా లిఫ్టు అక్కడ ఆగలేదు. తెర మీద "లోపం లేదు" అని వచ్చింది. పెద్ద డాక్టరు భుజం తట్టాడు.

అలవాటు చొప్పున మేస్త్రి పాత రిలేను బల్ల మీద పెట్టి పరీక్షించాడు. అది నిక్షేపంగా ఉంది. కోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, రిలే బాగానే ఉంది. మరి దీన్నెందుకు పట్టుకుంది?"

"మనమిచ్చిన వాటిలోంచే కదా మావయ్యా అది వెతికేది. నాలుగో అంతస్తు బటన్ లేదనుకోమని మీరేగా తీయించేశారు?"

నిజమే. అంతస్తు మూశాక నొక్కేదెవరులే అనుకున్నాడు. ప్రోగ్రాంలో తీయించాడు గానీ గోడ మీది బటన్ వైరు కోయలేదు.

"మళ్ళీ పెట్టమ్మా."

ఫోన్లో కీబోర్డు టకటకలు వినబడ్డాయి. "మావయ్యా, ఇప్పుడు ఏ భాగమూ చెడలేదంటోంది. ఎవరో బటన్ నొక్కుతున్నారట."

"ఇప్పుడు నొక్కట్లేదు," అన్నాడాయన. అన్నాక నర్సు విన్న గోళ్ళ గీకుడు గుర్తొచ్చింది.

మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. నిన్న సాయంత్రం వడ్రంగులు వెళ్ళగానే వాచ్‌మన్ మెట్ల తలుపుకు వేసిన తాళం తీయించాడు. బటన్ కింద, పాత యూనిఫాంలో, అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు ఎండిపోయాయి. ఎడమచెయ్యి పైకెత్తింది గానీ బటన్ దాకా అందలేదు.

"అక్కా, నేనే!" అంటూ భోరుమన్నాడు. ఆమెను కిందికి చేర్చాలని, చెక్క సంగతే మరిచి, తనే బటన్ నొక్కాడు. లిఫ్టు వచ్చి చెక్క అవతల ఆగింది. లోపల ఎవరో భయంగా గొణిగారు. లిఫ్టు ఆపరేటరు ధీమాగా చెబుతున్నాడు.

"అక్కడెవరూ లేరండీ. పొద్దున ఇక్కడే నిలబడి మేస్త్రి అందరికీ చెప్పాడుగా."

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. పొద్దున ఆ మాట ఆమె తమ్ముడి గొంతుతోనే విన్నది. మేస్త్రి రెండు చేతులతో చెక్కను బాదసాగాడు.