శ్రీశైలానికి చలి పెట్టింది

శ్రీశైలం పుట్టింది ఇల్లందులోనే, జుట్టు నెరిసిందీ అక్కడే. అయినా అక్కడి చలి అతనికి కొత్త. బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ, పుష్యమాసం పొద్దుల్లో ఊరంతా మంటల చుట్టూ మూగుతుంటే అతను భూమి లోపల చెమటకు తడిసిన బనియన్ పిండుకుంటూ ఉండేవాడు. షిఫ్టు దిగి సైకిలెక్కాక చలి గుర్తొచ్చేది, ఇల్లు చేరి వేడినీళ్లు పోసుకోగానే మరిచిపోయేవాడు. రిటైరైన ఏడాది మాత్రం చలి తప్పించుకునే దారి లేక, పొద్దెక్కినా కదలని మంచులో రగ్గు కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు.

కూర్చుంటే ఎదురుగా కోడిపుంజు కనబడింది. భార్య బతుకమ్మ గుడ్డు నుంచి పెంచిన నాటుపుంజు అది. ఎర్రటి తురాయి, బలిసిన తొడలు.

"చలి ఎముకలు కొరుకుతున్నదే. కోడికూర వడితేగానీ ఒంట్ల వేడి పుట్టేటట్టు లేదు" అన్నాడు.

పుంజు జోలికొస్తే ఊరుకునే మనిషి కాదు బతుకమ్మ. ఈ కాలంలో చేలో పండేవి తింటే చాలు, చలి దానంతటదే పోతుందని వాదించింది. వాదన పందెంగా మారింది. నెల పోయేదాకా కోడి లేదు, కౌసు మాంసం ఏదీ లేదు, ఆమె వండింది అతను తినాలి. తిన్నాక కూడా చలి పోకపోతే పుంజును ఆమే కోసి వండుతుంది. పోయిందో లేదో చెప్పాల్సింది మాత్రం అతనే. ఈ చివరి మాట విని శ్రీశైలం లోపల్లోపల మీసం మెలేశాడు. చలి తనది, నోరు తనది, ఇంక ఓడేదెట్లా?

మర్నాడే బతుకమ్మ కొంగు బిగించింది. పొద్దున వేడివేడి జొన్నరొట్టె, నూరిన నువ్వులపొడి. మధ్యాహ్నం మెంతికూర పప్పు, ఉసిరికాయ పచ్చడి. ఇంకోరోజు సజ్జరొట్టెలోకి చిక్కుడుగింజల కూర. ముసురు పట్టిన సాయంత్రం మిరియాలు దంచివేసిన ఉలవచారు తాగిస్తే అతని చెవులు ఎర్రబడ్డాయి. కుంపట్లో కాల్చిన చిలగడదుంపలు, పల్లీలు అద్దిన సర్వపిండి, తోటకూర వేపుడు, ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయలు. ఒక పూట వండింది ఇంకో పూట కనబడేది కాదు.

శ్రీశైలానికి ఇబ్బంది అక్కడే మొదలైంది. వారం తిరగకముందే అతని చలి పోయింది. తెల్లారగానే లేస్తున్నాడు, మోకాళ్లు పట్టేయడం లేదు, చెరువుకట్ట దాకా నడిచొస్తున్నాడు. కానీ ఒప్పుకుంటే పుంజుకూర చేజారుతుంది కదా. అందుకని ఇంట్లో ఉన్నంతసేపూ రగ్గు దించేవాడు కాదు. మూడో రొట్టె అడిగేటప్పుడు కూడా పళ్లు కొట్టుకుంటున్నట్టు నటించేవాడు. ఉలవచారు గిన్నె వంచుకుంటూనే "ఏం లాభం, వణుకు తగ్గలే" అని నిట్టూర్చేవాడు. నుదుటి మీద చెమట బొట్లుకట్టి ముక్కు మీదుగా జారుతుంటే, కుంపటి పొగకు కళ్లు నీళ్లు కారుతున్నాయని తుడుచుకునేవాడు. వీధి మలుపు తిరిగాకే ఊపిరాడేది.

మలుపు తిరిగితే జానీ చాయ్ హోటల్. బాయిలో పనిచేసేటప్పటి నుంచి జానీ అతనికి తమ్ముడి లెక్క. ఒకరోజు కూరగాయలకని అంగడికి బయల్దేరిన బతుకమ్మ అటువైపు చూసింది. మొగుడు ఒట్టి బనియన్ మీద, రగ్గు మడిచి పక్కన బల్ల మీద పెట్టి, ముందురోజు తిన్న గుత్తివంకాయ గురించి జానీకి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఆమె పలకరించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన దారిన వెళ్లిపోయింది. ఆ రోజు అంగట్లో పచ్చి కందికాయలు, లేత వంకాయలు ఏరిఏరి కొన్నది.

తెల్లారి అతను మళ్లీ వణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. బతుకమ్మ చాటలో కందికాయలు ఒలుస్తూ తలెత్తలేదు.

"నేనే ఓడిన. ఇన్ని వెట్టినా నీ చలి వోలేదు. పుంజును ఇయ్యాలనే కోస్త. రేపటి సంది అంగట్ల కొనుక్కొచ్చి రోజూ కోడికూరే, నాకూ రొట్టెలు కొట్టే పని తప్పుతది. ఈ గింజలు, వంకాయలు జానీ వాళ్లింట్ల ఇచ్చొస్త" అన్నది.

శ్రీశైలం చాటలోకి చూశాడు. పచ్చగా, మెత్తగా, గుప్పెడు గుప్పెడు గింజలు. వాటిని వంకాయతో కలిపి ఆమె వండే కూర కోసం అతను ఎదురుచూస్తున్నాడు. రోజూ కోడికూర అన్న మాట ఒకప్పుడైతే పండగ. ఇప్పుడు ఆ మాటే రుచించలేదు. బతుకమ్మ చాట పట్టుకుని లేచి, చెప్పులు తొడుక్కుంది.

"జెర ఆగు" అన్నాడు. "ఇయ్యాల కొంచెం తక్కువున్నట్టే ఉన్నది."

"ఏంది తక్కువ?"

"చలి."

"తక్కువంటే కుదరదు. ఉన్నదా, పోయిందా?"

అతను రగ్గు దించి పక్కన పెట్టాడు. "పోయిందే" అన్నాడు నేల చూస్తూ.

"నిన్న జానీ హోటల్ కాడ బనియన్ మీద కూసున్నప్పుడే పోయిందనుకున్న" అన్నది బతుకమ్మ.

శ్రీశైలం చప్పున తలెత్తాడు. తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూనే చాట తన ఒళ్లోకి లాక్కుని గింజలు ఒలవడానికి కూర్చున్నాడు.

అంతటితో బుద్ధిగా ఉంటే శ్రీశైలం ఎందుకవుతాడు? పందెం ఓడిన సంగతి దాచి, చలికాలం ఏం తినాలో హోటల్లో అందరికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. జొన్న గురించి, నువ్వుల గురించి తానే కనిపెట్టినట్టు చెబుతుంటే, అటుగా వచ్చిన బతుకమ్మ వెనక నిలబడి అంతా విన్నది.

"గింత తెలిసినోనివి, రేపు రొట్టెలు నువ్వే కొట్టు" అన్నది అందరి ముందే.

జానీ చాయ్ వడపోస్తూ, నవ్వు కనబడకుండా ముఖం తిప్పుకున్నాడు.

మరుసటి పొద్దున శ్రీశైలం పిండి కలిపి, అరచేత్తో తట్టి తట్టి రొట్టె చేశాడు. పెనం మీద వేసేలోపు అది రెండుగా విరిగింది. అతుకేసి, ఒకవైపు మాడ్చి, మరోవైపు పచ్చిగా ఉంచి తీసి, నిలువెల్లా పిండితో ఆమె ముందు పెట్టాడు. బతుకమ్మ నువ్వులపొడి అద్దుకుని, ఏ వంకా పెట్టకుండా మొత్తం తిన్నది.

"ఇంకోటి కొట్టు" అన్నది.