ఆ వారం పాలు

ఇన్నేళ్లూ ఈ మాటను కడుపులో పెట్టుకుని తిరిగాను. చూడబోతే ఎంత? ఒక సీసా పాలు. అంతే. కానీ దించుకోవడానికి చోటు దొరకలేదు. ఇంట్లో చెబితే "ఇప్పుడెందుకు తవ్వుకుంటవ్" అంటారు. ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నా మీద జాలి మాత్రం పడకండి. నాకు అసలే నా మీద చిరాకుగా ఉంది.

శంషాబాద్ అవతల ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తాను. పేరు అడగకండి. అందులో ఒక చిన్న అణు రియాక్టర్ ఉంది, కరెంటు కోసం కాదు, పరిశోధనల కోసం. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నీళ్లు, గడ్డి, పాలు సీసాల్లో తెచ్చి ల్యాబులో రేడియేషన్ పరీక్షకు ఇవ్వడం నా పని. అప్పటికి నేను టెంపరరీ. మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయికి ఉంటూ తెల్లారగానే స్కూటర్ మీద బయలుదేరేవాణ్ని.

రావిర్యాల వైపు లోపలికి ఉన్న ఒక ఊళ్లో మాకు పాలిచ్చేది ఎస్తేరమ్మ. రెండు బర్రెలు, కాస్త పొలం, ఆదివారం చర్చి, ఇంట్లో ముసలి అత్త. సీసా పాలకు డబ్బులిస్తామంటే వద్దనేది. దానికి బదులు నన్ను చూసిన ప్రతిసారీ ఒకటే అడిగేది: "పోయిన నెల పాలల్ల ఏమొచ్చింది తమ్మీ?" ఊళ్లవాళ్లకు ఏమీ చెప్పొద్దని మాకు పైనుంచి మాట. అంతా మంచిగనే ఉందని నసిగేవాణ్ని. "మంచిగుంటే చెప్పనీకేంది?" అనేది. నేను సీసా మూత బిగించి స్కూటర్ ఎక్కేవాణ్ని. ఆమె పాలను పట్టుకుపోయి, వాటిలో ఏముందో ఆమెకే చెప్పకపోవడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ అప్పుడు నాకు కోపం వచ్చింది న్యాయం మీద కాదు, ఎస్తేరమ్మ మీద. ఈవిడతో చచ్చే చావుగా ఉందిరా బాబూ అనుకునేవాణ్ని.

ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాది వానాకాలంలో రియాక్టర్ దగ్గర ఏదో ఫిల్టర్ చెడిపోయింది. కొంతసేపు చిమ్నీలోంచి రాకూడనిది గాలిలోకి వచ్చింది. పేపర్లో చిన్న వార్త పడింది, ప్రమాదమేమీ లేదని మావాళ్లు ప్రకటన ఇచ్చారు. లోపల మాత్రం హడావిడి. గాలిలో వచ్చిన రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడుతుంది, బర్రె ఆ గడ్డి మేస్తుంది, పాలలోకి వస్తుంది. పసిపిల్లలు తాగితే గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో చేరి హాని చేస్తుంది. కొన్ని వారాలు పోతే దాని జాడ కూడా ఉండదు. అందుకే ఆ వారమే పాలు తేవాలి, ఇంటి దగ్గర నిలబడి, కళ్ల ముందు పిండించుకుని తేవాలి. ఆ రోజు గాలి వీచింది ఎస్తేరమ్మ ఊరి వైపు.

మిగతా ఊళ్లన్నీ తిరిగాను. ఆమె ఇంటికి ఒక్కదానికే పోలేదు.

ఎందుకు పోలేదు? పాత దారిని ఎయిర్‌పోర్టు గోడ మూసేసింది, చుట్టూ తిరిగి పోదామంటే రింగు రోడ్డు పనులు, మోకాలి లోతు బురద. చాలా ఏళ్లు నాకు నేను ఇదే చెప్పుకున్నాను. బురద కాదు. బురదలో నేను పోని ఊరే లేదు. పేపర్లో వార్త వచ్చాక ఆమె నన్ను వాకిట్లో నిలబెట్టి అడుగుతుంది, ఆమె ముఖం చూస్తూ నేను అబద్ధం చెప్పాలి. దాన్ని తప్పించుకున్నాను. హైవే మీద పాల కేంద్రం ముందు స్కూటర్ ఆపాను. అక్కడికి వచ్చేవి ఆ రోజు గాలి పోని వైపు ఊళ్ల పాలు. ఒక డబ్బాలోంచి సీసా నింపి, మీద ఎస్తేరమ్మ పేరు రాశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు అంటారే, అచ్చం అలాగే, ఎవరూ చూడలేదనుకున్నాను. నిజంగానే ఎవరూ చూడలేదు.

మిగతా ఊళ్ల పాలలో కొంచెం కొంచెం కనిపించిందట, అనుమతించిన హద్దు లోపే. గాలి నేరుగా పోయిన ఊరి పాలలో మాత్రం ఏమీ లేదు! అంతంత చదువులు చదివినవాళ్లు, ఒక్కరికైనా అనుమానం రావద్దా? ల్యాబులో నా పైఅధికారి, మా సారు, "హమ్మయ్య" అని సంతకం పెట్టాడు. ఆయన్నని ఏం లాభం. నేను కూడా హమ్మయ్య అనే అనుకున్నాను.

ఎస్తేరమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆ వానాకాలం ఆమె కూతురు పసిబిడ్డతో పుట్టింట్లో ఉంది. బిడ్డకు బర్రె పాలే. ఆ పాలు తాపింది ఎస్తేరమ్మే. ఆమెకు పరిహారం అక్కర్లేదు, మాతో గొడవ అక్కర్లేదు. తన చేత్తో బిడ్డకు ఏం తాపిందో తెలియాలి, అంతే. ఊళ్లో చదువుకున్నవాళ్లను పట్టుకుని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టించింది. మావాళ్లు తిప్పి పంపారు. మళ్లీ పెట్టింది, మళ్లీ పంపారు. దేశ భద్రత అన్నారు. బర్రె పాలలో దేశ భద్రత ఏముందని ఆమె పైకి అప్పీలు చేసింది. ఏళ్లు పట్టింది. చివరికి వచ్చి ఫైలు చూసుకోవచ్చని ఆర్డరు వచ్చింది.

ఆమెకు చదువు రాదు. చదివి వినిపించడానికి సారు నన్ను పిలిచాడు. అప్పటికి నన్ను పర్మినెంటు చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. చదివాను. ఆమె పేరు, ఊరు, ఆ వారం, ఏమీ లేదని ఫలితం. ఆమె నా ముఖంలోకి చూసింది.

"గా వారం నువ్వు రాలే గద తమ్మీ?"

గదిలో సారు ఉన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆమె అడిగింది కూడా.

"వచ్చిన అక్కా. నువ్వు పొలం కాడికి పోయినవ్. మీ అత్త పోసింది."

ఆ అత్త చనిపోయి అప్పటికి ఏడాది దాటింది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"మా అత్త నాతోని చెప్పలేదే."

"ముసలామె కదక్కా. మర్చిపోయి ఉంటది."

ఆమె ముఖంలో మొదట అనుమానం, తర్వాత ఆలోచన, ఆ తర్వాత సిగ్గు. అవును, సిగ్గు. నేను పడాల్సిన సిగ్గు ఆమె పడింది. బస్‌స్టాపు దాకా దింపి రమ్మని సారు నన్నే పంపాడు. స్కూటర్ దిగి, "నిన్ను ఉత్తగనే అనుమానపడ్డ తమ్మీ, మనసుల పెట్టుకోకు" అంది. నేనేమన్నానో తెలుసా? పర్వాలేదన్నాను. ఆమెను క్షమించి వచ్చాను!

ఆపైన ఊళ్లో ఆమెను ఎగతాళి చేశారని విన్నాను. ఇన్నేళ్లు లేని పులిని చూపించి భయపెట్టావని అన్నారట. ఆమె మళ్లీ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పాప బడికి పోతోంది. బాగానే ఉందంటారు. బాగానే ఉండాలి. కానీ ఉంటుందో లేదో చెప్పగలిగింది ఆ వారం పాలొక్కటే, వాటిని నేను తేలేదు. ఇప్పుడు ఎంత పెద్ద మిషన్ పెట్టినా ఆ పాలు తిరిగి రావు.

మొన్న మా సంస్థ ఆ కాగితాలను అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. దాచేదేమీ లేదని సారు మీటింగులో గొప్పగా చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. దాచినన్ని రోజులు అది ఒక్క ఫైలులోని అబద్ధం. ఇప్పుడు ఎవరు వెతికినా దొరికే అబద్ధం. దీని కోసమా ఆమె అన్నేళ్లు తిరిగింది?

ఆమె ఇంటికి పోయి చెప్పొచ్చు. దారి ఇప్పుడు బాగుంది, తారు కూడా వేశారు. వాకిలి దాకా ఒకసారి పోయాను, బర్రె అరిస్తే వెనక్కి తిరిగాను. కాబట్టి నన్ను మంచివాడనుకోకండి. మీకు చెప్పడం సులువు కనుక మీకు చెబుతున్నాను. ఆమెకు చెప్పాల్సింది మాత్రం ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

ఎస్తేరక్కా, ఆ వారం నేను మీ ఇంటికి రాలేదు. మీ అత్త ఏదీ మర్చిపోలేదు. నువ్వూ మర్చిపోలేదు.